చావు మాట: మన భాష, మన సాహిత్యం

మన సాహిత్యంలో చావులకు కొదవ లేదు. ఆకలి చావులున్నాయి, వరకట్నపు చావులున్నాయి, ఎదురుకాల్పుల చావులున్నాయి, అప్పుల్లో కూరుకుపోయిన రైతుల చావులున్నాయి. కథ ముగించడానికి దారి తోచని రచయితకు కూడా చావే దిక్కవుతున్నది. కొదవల్లా వేరే చోట వుంది. మనిషి పోవడానికి ముందు మంచం మీద గడిపే నెలలు, ఆ నెలల్లో అతనికీ ఇంటివాళ్లకూ మధ్య నడిచే మాటలు, అంతకన్నా ఎక్కువగా నడవని మాటలు, అతను పోయాక వున్నవాళ్లు ఏళ్ల తరబడి మోసే దిగులు, ఇవి మన కథల్లో కవితల్లో ఎంతవరకు వచ్చాయని వెతికితే దొరికేది కొంచెమే. చావు ఒక సంఘటనగా వస్తున్నది. ఒక అనుభవంగా రావడం లేదు. ఇది రచయితల ప్రతిభకు సంబంధించిన లోటని నేననుకోను. చావు గురించి మాట్లాడే హక్కు, మాట్లాడే తీరు మన సమాజంలో కులాన్ని బట్టీ వర్గాన్ని బట్టీ పంచబడి వున్నాయి. అచ్చులోకి ఎక్కిన భాష ఆ పంపకంలో ఏ వాటాకు చెందిందో చూస్తే విషయం బోధపడుతుంది.

క్రియాపదాలతో మొదలుపెడదాం. పీఠాధిపతి సిద్ధి పొందుతాడు. దొర కాలం చేస్తాడు. మంత్రి దివంగతుడవుతాడు. పత్రికలో ఫోటో వేయించుకునే స్తోమత వున్నవాడు స్వర్గస్థుడవుతాడు. రచయిత కీర్తిశేషుడు, ఉద్యోగి కన్నుమూశాడు, పక్కింటి పెద్దాయన పోయాడు. లారీ కింద పడిన కూలీ మృతి చెందుతాడు. అలాంటివాళ్లు నలుగురైతే పేర్లు కూడా పోయి 'మృతుల సంఖ్య'గా మిగులుతారు. ఊళ్లో జీతగాడు మాత్రం చస్తాడు. చేసే పని ఒకటే, చేసేవాడి అంతస్తును బట్టి క్రియ మారుతుంది. గౌరవం కోసం వాడే మాటలు కదా అని సరిపెట్టుకోవచ్చు. కానీ గమనించండి, ఈ గౌరవపదాల్లో ఏ ఒక్కటీ చావును చావు అనదు. కాలం గడిపినట్టో, ఎక్కడికో ప్రయాణం కట్టినట్టో, కాసేపు కళ్లు మూసుకున్నట్టో చెబుతుంది. అంటే మన భాషలో పెద్దమనిషి కావడమంటే చావకుండా వుండటమన్నమాట!

ఇందులో మరొక వింత వుంది. 'చచ్చు' అనే ధాతువును తెలుగువాడు వాడినంత ధారాళంగా మరొకరు వాడతారో లేదో తెలియదు గానీ, మనం నవ్వలేక చస్తాం, సిగ్గుతో చస్తాం, ఎండకు చస్తాం. ఇష్టం లేని పని చచ్చినట్టు చేస్తాం. పనికిరానిదాన్ని చచ్చుపుచ్చు అంటాం. ఎవరూ చావని ప్రతిచోటా ఈ మాట నోట నానుతూనే వుంటుంది. నిజంగా ఒక మనిషి చావడానికి సిద్ధంగా వున్న గదిలో మాత్రం అది నిషిద్ధం. 'ఆ మాట అనకు, తథాస్తు దేవతలుంటారు' అని పెద్దలు నోరు మూయిస్తారు. మాటకు ముందు భయం, భయానికి వెనక దేవతలు. వెనకటికి ఊరి నుంచి తంతి వచ్చేది: తండ్రికి సీరియస్, వెంటనే బయలుదేరు. 'సీరియస్' అంటే అయిపోయిందని అందరికీ తెలుసు. తంతి ఇచ్చినవాడికీ తెలుసు, అందుకున్నవాడికీ తెలుసు. 2013 జులైలో తంతి వ్యవస్థ మూతబడింది. ఆ ఇంగ్లీషు మాట సెల్‌ఫోనులోకి మారి ఇప్పటికీ అదే కొలువు చేస్తున్నది. చావు కబురు చల్లగా చెప్పడమనే జాతీయంలో ఎత్తిపొడుపు వుంది. మన ఇళ్లలో అది ఒక నేర్పయి కూర్చుంది.

అయితే ఈ ముసుగు అసలు నష్టం చేసేది శ్రద్ధాంజలి ప్రకటనల్లో కాదు, జబ్బు మంచం దగ్గర. ఆసుపత్రి కాగితాలు కొడుకు చదువుతాడు, అల్లుడు చదువుతాడు, వరండాలో నిలబడి 'ఆయనకు చెప్పకండి' అని తీర్మానిస్తారు. ఎవరి శరీరం గురించి ఆ కాగితాలో అతనొక్కడే వాటిని చదవడు. అతనికి తెలియదా అంటే తెలుస్తుంది. దూరపు ఊరి నుంచి చెల్లెలు ఊరికే రాదు. పెళ్లాం వంటింట్లోకి వెళ్లి వచ్చిన ప్రతిసారీ కళ్లు ఎర్రబడి వుండవు. తెలిసి కూడా అతడు, ఇంటివాళ్లు బాధపడతారని, తెలియనట్టే వుంటాడు. అమెరికాలో గ్లేజర్, స్ట్రాస్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రజ్ఞులు ఆసుపత్రుల్లో తిరిగి పరిశీలించి 1965లో ఒక పుస్తకం ప్రచురించారు. రోగికి అసలు తెలియకపోవడం, అనుమానం కలగడం, తెలిసి అందరూ నటించడం, తెలిసి బాహాటంగా మాట్లాడుకోవడం అని నాలుగు స్థితులను అందులో గుర్తించారు. మన మధ్యతరగతి ఇళ్లలో ఎక్కువ కాలం నడిచేది మూడోది. అది నాటకం, పాత్రధారులందరికీ ముగింపు తెలుసు, ఎవరూ ఆ సంభాషణ పలకరు. ఇంతకన్నా కథావస్తువు ఏం కావాలి?

టాల్‌స్టాయ్ దీన్ని 1886లోనే పట్టుకున్నాడు. ఇవాన్ ఇల్యీచ్ అనే న్యాయాధికారి చావుబతుకుల మధ్య పడివుంటాడు. అతణ్ణి రోగం కన్నా ఎక్కువగా పీడించేది చుట్టూవున్నవాళ్లు ఆడే అబద్ధం. భార్య, స్నేహితులు, వైద్యులు అందరూ ఆ అబద్ధంలో భాగస్వాములే. దాన్ని ఆడనివాడు ఆ ఇంట్లో ఒక్కడే: గెరాసిం అనే రైతుబిడ్డ, పనివాడు. యజమాని కాళ్లు తన భుజాల మీద పెట్టుకుని రాత్రంతా కూర్చుంటాడు, అందరం పోయేవాళ్లమేనన్న నిజాన్ని మామూలు సంగతిగా అంటాడు. శ్రమ చేసేవాడికి శరీరం గురించి సిగ్గు లేదు, కాబట్టి చావు గురించి బొంకవలసిన అవసరమూ లేదు. టాల్‌స్టాయ్ మతవిశ్వాసంతో మనకు పని లేదు గానీ ఈ వర్గదృష్టి మాత్రం మన కథకులకు పాఠం.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. నిజం దాచడమంతా శిష్టవర్గపు మర్యాదేనని కొట్టిపారేస్తే తప్పవుతుంది. పేద ఇంట్లో కూడా దాస్తారు, అందుకు వేరే కారణం వుంది. చెప్పడమంటే లెక్క చెప్పడం కూడా. 'నాకు నయం కాదా?' అన్న ప్రశ్నకు నిజమైన జవాబు ఇచ్చిన మరుక్షణం 'అయితే ఆ అరెకరం ఎందుకు అమ్ముతున్నారు?' అన్న ప్రశ్న వస్తుంది. దానికి కొడుకు దగ్గర సమాధానం లేదు. అమ్మితే పిల్లల నోట్లో మట్టి, అమ్మకపోతే తండ్రిని చంపుకున్నాడన్న మాట. ఈ ఇరుకులో మౌనమే చవక. చావు గురించిన మౌనం వెనక ఆసుపత్రి బిల్లు వుందని చూడలేని కథ సగం కథే. మిగతా సగం కోడలిది. పుండ్లు పడకుండా రోజుకు నాలుగుసార్లు మామను పక్కకు తిప్పేది ఆమె, బట్టలు మార్చేది ఆమె. వరండా తీర్మానంలో ఓటు లేనిదీ ఆమే.

సికింద్రాబాదు విషయమే తీసుకోండి. ఈ ఊరి అతిపెద్ద పండుగ ఒక మహామారి నుంచి పుట్టింది. 1813లో జంటనగరాల్లో కలరా వ్యాపించి జనం పిట్టల్లా రాలిపోతుంటే, ఇక్కడి పటాలంతో ఉజ్జయినికి వెళ్లిన సురిటి అప్పయ్య అనే డోలీ మోసే మనిషి అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడనీ, తిరిగివచ్చి 1815లో ఇక్కడ అమ్మవారిని నిలిపాడనీ కథనం. దొర కాదు, పూజారి కాదు, డోలీ మోసేవాడు. బోనాల మర్నాడు రంగం జరుగుతుంది. పచ్చికుండ మీద నిలబడిన స్త్రీని వానల గురించీ, పంటల గురించీ, రోగాల గురించీ అడుగుతారు. విశ్వాసం సంగతి అలా వుంచి దాని సామాజిక పాత్రను చూడండి. ఏడాదికొకసారి ఒక ఊరు ఊరంతా నడివీధిలో నిలబడి ఈ ఏడు మాకు జబ్బులున్నాయా, ప్రాణాలకు ముప్పుందా అని గొంతెత్తి అడుగుతున్నది. ఇంట్లో తథాస్తు దేవతలకు భయపడి నోరు మూసుకునే జాతే వీధిలో దేవతనే నిలదీస్తున్నది. మాట్లాడటం మనకు చేతకాక కాదన్నమాట.

ఆ గుడికి ఎంతో దూరం లేదు గాంధీ ఆసుపత్రి. సికింద్రాబాదు రైల్వే స్టేషను దగ్గరి పాత ఆవరణ నుంచి అది 2003లో ముషీరాబాదు పాత జైలు స్థలంలోకి మారింది. అత్యవసర పరిస్థితి రోజుల్లో, 1975 డిసెంబరు 1న భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరి తీసిన జైలు అది. తేదీ ముందుగా నిర్ణయించి, కాగితం మీద రాసి, చదివి వినిపించి చేసే చావు అది. రాజ్యం బాహాటంగా మాట్లాడే చావు అదొక్కటే. అదే నేల మీద 2020లో పూర్తిగా వేరే రకం చావులు జరిగాయి. గాంధీని కోవిడ్ చికిత్సకు కేటాయించారు. లోపలికి వెళ్లినవారితో బయటివారికి ఫోను తప్ప దారి లేదు. సిబ్బంది తలకు మించిన చాకిరీ చేశారు, అందులో సందేహం లేదు. అయినా పోయినవారి మొహం చూడటానికి లేదు, స్నానం చేయించడానికి లేదు, పాడె లేదు, డప్పు లేదు, పలకరింపు లేదు. ఆ ఏడు మహంకాళి బోనాలు కూడా జనం లేకుండా గుడికే పరిమితమయ్యాయి. కరోనా మీద మనకు కవిత్వం కుప్పలుగా వచ్చింది. అందులో చాలాభాగం వైరస్ మీదా, ప్రకృతి ప్రతీకారం మీదా, చప్పట్లూ దీపాల మీదా. ఫోనులో చివరిసారి ఏం మాట్లాడాలో తెలియక 'తిన్నావా?' అని అడిగి పెట్టేసిన మనిషి నేను చదివినంతలో అరుదుగానే కనిపించాడు.

'పలకరింపు' అన్నాను. తెలంగాణలో దీన్ని 'మందలిచ్చుడు' అంటారు. కోస్తాలో మందలించడమంటే తిట్టడం, ఇక్కడ పలకరించి బాగోగులు అడగడం. చావు జరిగిన ఇంటికి మందలించడానికి పోయిన ఆడవాళ్లు ఒకరి మెడ మీద ఒకరు చెయ్యి వేసి శోకం తీస్తారు. చదువుకున్నవారు దాన్ని కృత్రిమమని, రాగం తీసి ఏడవడమేమిటని నవ్వుతారు. దగ్గర కూర్చుని వింటే అదొక జీవితచరిత్ర. పోయినవాడు ఏం తిన్నాడు, ఏం తినలేదు, ఏ పొలం ఎవరు లాక్కున్నారు, ఏ తమ్ముడు పెళ్లికి రాలేదు, ఏ ఆసుపత్రిలో ఎన్ని వేలు పోశారు, అన్నీ అందులో వుంటాయి. ఆ ఇంట్లో నోరెత్తడానికి వీల్లేని కోడలు, ఆ ఒక్కరోజు శోకం పేరుతో అత్తింటి లెక్కలన్నీ నలుగురిలో చదువుతుంది. అడ్డుకునే ధైర్యం ఎవరికీ వుండదు. మన జానపద పరిశోధనలో పెళ్లిపాటలకూ లాలిపాటలకూ దక్కిన గౌరవం శోకాలకు దక్కలేదు. ఎవరు సేకరిస్తారు? టేపు పట్టుకుని చావింటికి పోవడం అపచారం కదా!

అలాగని జానపద చావును ఆకాశానికెత్తడం కూడా మన పని కాదు. చావు డప్పు గొప్ప కళే. దాన్ని వాయించేవాడికి అది శతాబ్దాల వెట్టి. శవం ఏ కులానిదో చూసి శ్మశానం వేరుచేసే ఊళ్లు మనవి. జాషువా శ్మశానపద్యాలు హరిశ్చంద్ర నాటకంలోకి ఎక్కి ఊరూరా 'వన్స్ మోర్'లు కొట్టించుకున్నాయి. చావు ముందు అందరూ సమానమన్న భావానికి చప్పట్లు కొట్టిన ప్రేక్షకులు తెల్లారి తమ తమ కులాల శ్మశానాలకే పోయారు. స్త్రీల విషయం ఇంకా ఘోరం. భర్తకన్నా ముందు పోతే 'పుణ్యస్త్రీ, అదృష్టవంతురాలు' అని ఆమె చావునే అభినందిస్తారు. భర్త ముందు పోతే పదోరోజున గాజులూ బొట్టూ తీసి ఆమె బతుకును శిక్షిస్తారు. ఆమె దుఃఖానికి ఈ రెండింటిలో ఎక్కడా చోటు లేదు.

2023 మార్చిలో వచ్చిన 'బలగం' చిత్రం ఈ ఆచారాలనే వస్తువుగా తీసుకుంది. దర్శకుడు వేణు యెల్దండి. పిట్టకు పెట్టిన ముద్దను కాకి ముట్టకపోవడం చుట్టూ కథ నడుస్తుంది. బుడగ జంగాల కళాకారులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ చివర పాడే పాట విని ఊళ్లకు ఊళ్లు కన్నీళ్లు పెట్టుకున్నాయి. చావింట జంగాలు పాడే పాటకు ఇంత శక్తి వుందని నగరానికి తెలియడం మంచిదే. అయినా విమర్శకుడు ఒక ప్రశ్న వేయాలి. ఆ ముసలాయన కొమురయ్య హఠాత్తుగా పోతాడు. కొడుకూ అల్లుడూ కలవాలన్న అతని కోరిక అతను బతికుండగా ఎవరూ అడిగి తెలుసుకోరు. చచ్చాక కాకి ద్వారా తెలుసుకుంటారు. మన సమాజం చచ్చినవాడితో మాట్లాడుతుంది గానీ చస్తున్నవాడితో మాట్లాడదనడానికి ఇంతకన్నా స్పష్టమైన రూపకం దొరకదు. దర్శకుడు దాన్ని అలా ఉద్దేశించాడో లేదో వేరే సంగతి. అందరి చావులకూ పాడిన మొగిలయ్య మూత్రపిండాల జబ్బుతో చికిత్సకు ఇతరుల సాయం మీద ఆధారపడి 2024 డిసెంబరులో చనిపోయాడు.

అచ్చు సాహిత్యంలోకి వద్దాం. అభ్యుదయ కవిత్వానికి దుఃఖం పనికిరాదని, అది నిరాశావాదమని, కన్నీళ్లు భావకవుల ఆస్తి అని ఒక అభిప్రాయం మన విమర్శలో చాలాకాలం చెలామణి అయింది. ఇది చరిత్రకు విరుద్ధం. 1950లో పుస్తకంగా వచ్చిన 'మహాప్రస్థానం' తొలిపుటల్లో వున్నది ఏమిటి? 1937లో క్షయతో పోయిన స్నేహితుడు కొంపెల్ల జనార్దనరావు కోసం శ్రీశ్రీ రాసిన స్మృతి గీతం. 'ఉదయిని' పత్రిక నడిపిన ఆ యువకుణ్ణి శ్రీశ్రీ పరమపదింపజేయలేదు, అమరుణ్ణీ చేయలేదు. ఎదురుగా వున్నవాడితో మాట్లాడినట్టు పేరు పెట్టి మాట్లాడాడు. అతను పడ్డ పేదరికాన్ని, లోకపు నిర్లక్ష్యాన్ని చెప్పాడు. మన యుగకవిత్వం ఒక ఏడుపుతో తలుపు తీసింది. ఆ తలుపును తర్వాత మూసినది మనమే.

శ్రీశ్రీ గీతం పక్కన మరొక మనిషిని పెట్టి చదవాలి. జగిత్యాలలో పుట్టి హైదరాబాదులో ఫోటోస్టూడియో నడుపుకుంటూ చిన్న చిన్న పదునైన కవితలు రాసిన అలిశెట్టి ప్రభాకర్ 1993 జనవరి 12న నలభై నిండకుండానే పోయాడు. అదీ క్షయతోనే. తన చావును అతడు ఎవరినుంచీ దాచలేదు. 'మరణం నా చివరి చరణం' అని పుస్తకానికే పేరు పెట్టుకున్నాడు. రోగి తానే కవి కావడంతో 'ఆయనకు చెప్పకండి' అనే వరండా తీర్మానం చెల్లలేదు. ఈ రెండు చావులకూ మధ్య యాభయ్యారేళ్లున్నాయి. 1937లో క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొన్నదే 1943లో. 1993 నాటికి మందులు వచ్చి దశాబ్దాలైంది. మొదటిది వైద్యం లేని చావు, రెండోది వైద్యం వుండగా జరిగిన చావు. పేరు ఒకటే కదా అని రెంటికీ ఒకే రకం స్మృతి కవిత రాసేవాడు విషాదాన్ని చూస్తున్నాడు గానీ కారణాన్ని చూడటం లేదు.

'అమరుడు' అన్న మాట దగ్గర కూడా కాస్త ఆగాలి. 1974లో మొదలై 1989లో కోర్టులో వీగిపోయిన సికింద్రాబాదు కుట్రకేసు ముద్దాయిల్లో కవి చెరబండరాజు ఒకడు. మెదడులో కణితితో 1982 జులై 2న పోయాడు. కేసు కొట్టివేసేనాటికి అతను లేడు. అతన్ని మనం అమరుడన్నాం. తప్పేమీ లేదు. ప్రజల కోసం నిలబడినవాణ్ణి ప్రజలు మరవరన్న అర్థం అందులో వుంది. కానీ అక్షరార్థంలో అమరుడంటే చావు లేనివాడు. దొర కాలం చేసినట్టే మనవాడూ చావలేదన్నమాట. శస్త్రచికిత్సలకు లొంగిన ఆ తల, ఆ నొప్పి, కోర్టు వాయిదాల మధ్య ఆసుపత్రి రాత్రులు, ఆ పడక పక్కన కూర్చున్న ఇల్లాలి సంగతి ఆ బిరుదు కింద కనుమరుగవుతాయి. వీరుడు మిగులుతాడు, రోగి మాయమవుతాడు.

మన సంస్మరణ సభలు చూడండి. ఫోటోకు దండ, రెండు నిమిషాల మౌనం, తీరని లోటు, ఆశయసాధనే నిజమైన నివాళి. మొదటి వరుసలో కూర్చున్న భార్యను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పి దింపేస్తారు. ఆమెను ఎవరూ మాట్లాడమనరు. మాట్లాడితే ఆమె ఆశయాల గురించి కాక అతని ఆఖరి వారం గురించి చెబుతుందేమోనని భయం. శోకం తీసే పల్లెటూరి స్త్రీకున్న వెసులుబాటు కూడా మన సభలో ఆమెకు లేదు.

సాహిత్య విద్యార్థులకు ఒక హెచ్చరిక. ఈ చర్చ రాగానే ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో చెప్పిన అయిదు దశలను తీసుకొచ్చి పాత్రలకు తగిలించడం పరిపాటి అయింది. ఆమె వాటిని ప్రధానంగా చనిపోబోతున్న రోగులతో మాట్లాడి చెప్పింది. తర్వాతే అవి ఆప్తులను పోగొట్టుకున్నవారి దుఃఖానికి కూడా కొలతబద్దలయ్యాయి. దుఃఖం మెట్లెక్కినట్టు నడవదు. కథ అసలే నడవదు. ఆమె పుస్తకంలో మనం తీసుకోవలసింది దశలను కాదు, రోగి పక్కన కుర్చీ వేసుకుని అతన్నే అడిగిన పద్ధతిని.

అడిగితే చెప్పేవాళ్లు మన దగ్గరా వున్నారు. 2004లో హైదరాబాదులో కండరాల క్షీణతతో ఆసుపత్రిలో వున్న వెంకటేశ్ అనే పాతికేళ్ల చదరంగం ఆటగాడు తన అవయవాలు పాడైపోకముందే ఇతరులకు ఇవ్వాలని కోరాడు. తల్లి ఆ కోరికతో హైకోర్టుకెక్కింది. చట్టం ఒప్పుకోదని కోర్టు అంది. ఆ డిసెంబరులోనే అతను పోయాడు. పత్రికలు దాన్ని కారుణ్య మరణ వివాదంగా రాశాయి. కానీ అక్కడ జరిగింది మరొకటి: తల్లీ కొడుకూ కూర్చుని అతని చావు గురించి మాట్లాడుకున్నారు. కోర్టు గుమ్మం దాకా రాకపోతే ఆ సంభాషణ మనకు తెలిసేదే కాదు. అలాంటివి ఎన్ని ఇళ్లలో జరుగుతున్నాయో, ఎన్ని ఇళ్లలో జరగక ఆగిపోతున్నాయో రాయవలసింది పత్రికా విలేఖరి కాదు.

ఆ తర్వాత చట్టం కొంత కదిలింది. తనకు స్పృహ తప్పితే యంత్రాల మీద ఎంతవరకు బతికించాలో ముందే రాసిపెట్టుకునే హక్కును 2018 మార్చి 9న సుప్రీంకోర్టు గుర్తించింది. మేజిస్ట్రేటు సంతకం కావాలన్న షరతును 2023 జనవరిలో సడలించి, ఇద్దరు సాక్షులు, నోటరీ లేక గెజిటెడ్ అధికారి చాలునంది. ఆ కాగితానికి తెలుగులో ఇంకా పేరు కుదరలేదు. 'మరణ వాంగ్మూలం' అందామంటే అది పోలీసుల మాట. 'వీలునామా' అందామంటే దానికి ఆస్తి తప్ప మరొకటి తెలియదు. మన తాతల వీలునామాలు తీసి చూడండి, సర్వే నంబర్లు వుంటాయి, నాలుగు దిక్కుల హద్దులు వుంటాయి, బావిలో వాటా వుంటుంది, చింతచెట్టు ఎవరిదో కూడా వుంటుంది. తనను చివరి రోజుల్లో ఏ గదిలో పడుకోబెట్టాలో, నొప్పికి మందు అడిగితే ఇవ్వాలో వద్దో, పక్కన ఎవరు కూర్చోవాలో ఒక్క వాక్యం కూడా కనిపించదు.